అడ్డమొచ్చిన చేతులు

డోర్నకల్,
12-11-1978

తమ్ముడు జయరాజుకు,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలని కోరుతూ అక్క లిదియా రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, మీ బావ మోకాలు తప్ప. రైల్వే దవాఖానలో డాక్టర్ ఆ మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, ఇక వాలీబాల్ మానెయ్యమన్నాడు. లోకో షెడ్డులో ఫిట్టర్ పనికి ఆ మోకాలు సరిపోతుందట, ఎగరడానికే సరిపోదట. ఆయన సరేనని తల ఊపి ఇంటికొచ్చాడు. ఆట బూట్లు గూట్లోంచి తీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

జనవరి ఇరవై ఆరున జెండా వందనం అయ్యాక రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఆటల క్లబ్బు వాళ్ళు ఆయనకు సన్మానం చేస్తారట. శాలువా, దండ ఎలాగూ ఉంటాయి. నాకు వేరే ఆలోచన వచ్చింది. ఆయన ఆడుతుండగా ఊరూరా తీసిన ఫోటోలు నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద పోస్టర్ చెయ్యాలి. సుబేదారిలో నీ స్టూడియో గోడకు పెళ్ళివాళ్ళది ఒకటి అట్లా చేసి పెట్టావు కదా, నడుమ పెళ్ళికూతురు, చుట్టూ చుట్టాలు. అట్లాంటిదే, కాకపోతే ఆటది. క్రిస్మస్ నాటికి అందితే ముందు ఇంట్లో చూపించి, ఇరవై ఆరున ఇన్‌స్టిట్యూట్ గోడకు పెట్టిస్తాను.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆయన ఆట నేను ఒక్కసారి చూడలేదు. ఆడవాళ్ళు గ్రౌండుకు పోయే అలవాటు మా క్వార్టర్స్‌లో లేదు. మట్టి కొట్టుకున్న బనియన్లు ఉతకడం తప్ప వాలీబాల్ గురించి నాకేమీ తెలియదు. అందుకే ఎప్పుడన్నా ఆ ఫోటోలు తీసి చూసుకుంటాను. కూరలో ఉప్పెక్కువైందని లుంగీ ఎగ్గట్టుకుని సణిగే మనిషేనా ఈయన అనిపిస్తుంది. నేల వదిలి అంత పైన ఉంటాడు. ఆ ఎత్తు ఒకసారి అందరికీ కనబడాలి, ఆయనకు కూడా కనబడాలి.

ఫోటోలు మన పాస్టర్ గారి అల్లుడి చేతికిచ్చి పంపాను. బావకు తెలియదు. నోరు జారకు.

నీ అక్క
లిదియా

సుబేదారి,
22-11-1978

ప్రేమగల అక్కకు జయరాజు వందనాలు.

ఫోటోలు అందాయి. గిరాకీ లేని సమయం చూసి బల్ల మీద పరిచాను. పెళ్ళిళ్ళ రోజులు కదా, తల వంచుకున్న పెళ్ళికూతుళ్ళను చూసీ చూసీ అలసిన నా కళ్ళకు, తల పైకెత్తిన మనిషి కనబడితే ప్రాణం లేచి వచ్చింది. బావను ఇంతకాలం నేను సరిగ్గా చూడనే లేదని అర్థమైంది. మనింటికి వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చుని పేపర్ చదివే బావేనా అని నీలాగే నాకూ అనిపించింది.

పెళ్ళివాళ్ళకు చేసినట్టు చుట్టూ పేర్చడం దీనికి కుదరదు. విను. ఒక ఫోటోలో బావకు మీసం రాలేదు. ఇంకోదాంట్లో సన్న మీసం. ఆఖరిదాంట్లో చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఒకదాంట్లో అప్పుడే నేల వదులుతున్నాడు, ఒకదాంట్లో సగం ఎత్తులో ఉన్నాడు, ఇంకోదాంట్లో ఛాతీ దాకా నెట్టు పైన ఉన్నాడు. వీటిని ఎడమ పక్క కింది నుంచి కుడి పక్క పైదాకా వంపుగా పేరిస్తే, అంతా ఒకే ఒక్క ఎగురుడులా ఉంటుంది. మీసం రాని పిల్లవాడు నేల వదులుతాడు, నెరిసిన జుట్టుతో పైన బంతిని కొడతాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను, పక్కన ఇంకెవరూ లేరు కాబట్టి.

అన్నీ కోసేశాను. చుట్టూ కొంచెం ఆకాశం వదిలి కోశాను. మొదటిది కోయడానికి చాలాసేపు పట్టింది గానీ తర్వాత అలవాటైంది. ఇక అతికించడమే మిగిలింది.

నీ తమ్ముడు
జయరాజు

డోర్నకల్,
28-11-1978

జయరాజుకు,

కోసేశాను అని ఎంత తేలిగ్గా రాశావు. అమ్మ పెళ్ళి చీర కొంగు కోసి గాలిపటానికి తోక కట్టినవాడివి నువ్వు, నీ చేతికి ఫోటోలు ఇచ్చిన నాకు బుద్ధి లేదు. అవి మళ్ళీ దొరికేవి కావు. తీసిన స్టూడియోలు ఏ ఊళ్ళో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేవో. నీ ఉత్తరం చదివి ఆ పూట పొయ్యి కూడా వెలిగించలేదు. తలనొప్పి అని చెప్పి పడుకుంటే మీ బావే జొన్నరొట్టె చేశాడు. అది మందంగా, ఒక పక్క పచ్చిగా ఉంది. ఆ పాపం నీదే.

అయిందేదో అయింది. మొదలుపెట్టిన పని బాగా చెయ్యి. ఇంకో మాట. చాలా ఫోటోల్లో ఎవరివో చేతులు అడ్డం వచ్చాయి, చూసే ఉంటావు. వాటి సంగతి కూడా చూడు. మీ బావ ఒక్కడే నిండుగా కనబడాలి.

ఫోటోల ముక్కలు ఏమైనా మిగిలితే పారెయ్యకు.

లిదియా

సుబేదారి,
14-12-1978

కోపంలో ఉన్న అక్కకు వందనాలు.

ముందు ఈ ఉత్తరంతో వచ్చిన కవరు విప్పి చూడు. నీ ఫోటోలన్నీ అందులో ఉన్నాయి, ఒక్క మూల కూడా మడత పడలేదు. అసలు ఫోటోలను ఎవరైనా కోస్తారా అక్కా. ముందు వాటికి మళ్ళీ ఫోటోలు తీసి, కొత్త నెగెటివ్‌లు చేసి, వాటితో పెద్ద ప్రింట్లు వేసుకుని ఆ ప్రింట్లను కోశాను. అది రాయడం మరిచిపోయాను, నీకు తెలుసనుకున్నాను. బావ చేతి రొట్టె తినిపించిన పాపం మాత్రం ఒప్పుకుంటాను.

చేతుల మాట బాగా చెప్పావు. నన్ను చాలా విసిగించాయి. ప్రతి ఫోటోలో ఏదో ఒక మూల నుంచి వచ్చి పడ్డాయి. మాకు పెళ్ళి ఫోటోల్లో ఇది రోజూ ఉండే బాధే. పెళ్ళికొడుకు పక్కన ఎవరిదో మోచెయ్యి, వెనక ఎవరిదో బోడితల. నెగెటివ్ మీద అంతవరకు ఎర్ర రంగు పూస్తే చాలు, ప్రింటులో ఆ చోటు తెల్లగా వస్తుంది. అలాగే కూర్చుని, సన్న కుంచెతో ఆ చేతులన్నీ మూసి, ప్రింట్లు మళ్ళీ వేశాను. బంతి మసకగా ఉన్నచోట వేరే బంతి కోసి అతికించాను. ఇప్పుడు తెల్లటి ఆకాశంలో బావ ఒక్కడే ఉన్నాడు. నేను చేసిన పనుల్లో ఇంత నీటుగా ఏదీ రాలేదు.

పైన ఎర్ర అక్షరాలతో బావ పేరు రాశాను. ఫ్రేము కట్టించి, గోనెపట్టాలో చుట్టి, గార్డు కంపార్ట్‌మెంటులో వేయిస్తున్నాను. అద్దం జాగ్రత్త.

క్రిస్మస్ శుభాకాంక్షలతో
జయరాజు

డోర్నకల్,
27-12-1978

తమ్ముడికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించాను.

గోనెపట్టా విప్పి ఎంతసేపు చూసుకున్నానో. ఆయన అట్లా పైకి పోతూనే ఉన్నాడు. తెల్ల దుప్పటి ఒకటి దాని మీద కప్పి, క్రిస్మస్ నాడు చర్చి నుంచి వచ్చేదాకా దాచాను.

ఆ రోజు భోజనానికి ఎల్లస్వామి అన్న, మొగిలమ్మ వదిన వచ్చారు. నీకు గుర్తున్నాడా, మీ బావతో పాటే జట్టులో చేరి, మీసం రాని వయసు నుంచి కలిసి ఆడినవాడు. పట్టాల మీద పని. నిరుడు నెక్కొండకు బదిలీ అయ్యింది. ప్రతి క్రిస్మస్‌కు వాళ్ళు మా ఇంట్లో తింటారు, దసరాకు మేం వాళ్ళింట్లో తింటాం. అది తప్పిన ఏడు లేదు.

అందరూ కూర్చున్నాక దుప్పటి తీశాను. చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు లేచి దగ్గరికి వచ్చారు. నేను మురిసిపోయి ఎల్లస్వామి అన్నతో, "చూడన్నా, అడ్డమొచ్చిన చేతులన్నీ ఎంత నీటుగ తీసేసిండో మా తమ్ముడు" అన్నాను. ఆయన దగ్గరికి పోయి కింది నుంచి ఒక్కొక్క బొమ్మ చూసుకుంటూ పైదాకా వెళ్ళాడు. తర్వాత కడుపులో బాగా లేదు చెల్లె అన్నాడు. బండి టైమైందన్నాడు. ఇంకా గంటన్నర ఉంది బండికి. బిర్యానీ గిన్నె మూత కూడా తియ్యలేదు, ఇద్దరూ వెళ్ళిపోయారు. మొగిలమ్మ వదిన నా మొహం చూడలేదు.

మీ బావ పోస్టర్ ముందు నిలబడి, "నేనొక్కన్నే ఎగిరిన్నా?" అన్నాడు. అంతే. దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాడు. ఇప్పుడు ఇరవై ఆరున ఇన్‌స్టిట్యూట్‌కు పోనంటున్నాడు.

ఒక్కన్నే ఎగిరిన్నా అంటే నాకు అర్థం కాలేదు. నన్ను పక్కన ఎందుకు పెట్టలేదనా? ఇల్లు, వంట, ఉతికిన బనియన్లు, ఇవన్నీ నేనే ఎత్తి చూపించుకోవాలా? అంత పండగ పూట, నలుగురికి చేసిన బిర్యానీ మేమిద్దరమే తిన్నాం.

లిదియా

సుబేదారి,
2-1-1979

అక్కకు కొత్త సంవత్సరం వందనాలు.

నీకు అర్థం కాకపోయినా నాకు అర్థమైంది. నా పని బావకు నచ్చలేదు. నేను స్టూడియో పెడతానన్నప్పుడు, "ఫోటోలు పట్టుకొని ఏం తింటవ్ తమ్మీ, రైల్వేల చేరు" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఇప్పుడు నా పోస్టర్ గోడకు మొహం పెట్టుకుని నిలబడింది. మంచిది. పెళ్ళి ఫోటోలు తీసేవాడు పెళ్ళి ఫోటోలే తియ్యాలి.

ఎల్లస్వామి అన్నకు నిజంగానే కడుపులో బాగా లేదేమో. దాన్నీ దీన్నీ కలిపి నువ్వు బాధపడకు.

పోస్టర్ ఇన్‌స్టిట్యూట్‌కు వద్దనుకుంటే తిప్పి పంపు. ఇంకో మాట రాయకూడదనుకున్నాను గానీ రాస్తాను. పైన ఉన్న ఆ నెరిసిన జుట్టు బొమ్మ ఇంకో ప్రింటు వేసి నా కౌంటర్ వెనక పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళంతా ఎవరీయన అంటున్నారు. మా బావ అని చెప్తున్నాను. ఆయనకు నేను నచ్చకపోతే మానె, ఆ ఎగురుడు నాకు నచ్చింది.

జయరాజు

డోర్నకల్,
7-1-1979

నా పిచ్చి తమ్ముడికి,

మనిద్దరం ఎంత తెలివితక్కువ వాళ్ళమో ఇప్పుడు రాస్తాను, కూర్చుని చదువు.

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టి, నా తమ్ముడి పని మీకు చిన్నచూపా అని నిలదీశాను. ఆయన చదివి, లేచి వంటింట్లోకి వచ్చి, గంపలోంచి నిమ్మకాయ తీసి నా చేతికిచ్చాడు. దీన్ని పైకెయ్యి, నేను కొడతా అన్నాడు. వేశాను. అది పోయి ఉట్టికి తగిలింది. మళ్ళీ వేస్తే ఆయన వెనక పడింది. ఇంకోసారి వేస్తే బియ్యం డబ్బా మీద పడింది. ఆయన చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు.

"ఎర్కైందా? ఇచ్చేటోడు సక్కగ ఇయ్యకుంటే కొట్టేటోడు చేసేదేం లేదు" అన్నాడు.

వాలీబాల్‌లో బంతిని లేపి ఇచ్చేవాణ్ణి లిఫ్టర్ అంటారట. అతను బంతిని నెట్టు పక్కన సరిగ్గా లేపితేనే ఇంకొకడు ఎగిరి కొట్టగలడు. మొదటి నుంచి మీ బావకు లేపి ఇచ్చింది ఎల్లస్వామి అన్న. మనం తుడిచిన చేతులన్నీ ఆయనవే జయరాజూ. ఎవరెవరివో కాదు, అన్నీ ఒక్కడివే. ఏ ఊళ్ళో ఆడినా ఫోటో తీసేవాళ్ళు పైన కొట్టేవాణ్ణే తీస్తారు, కింద లేపినవాడి చేతులు ఓ మూలకు వస్తే వస్తాయి. ఎల్లస్వామి అన్న ఆట ఆడిన ఫోటో అంటూ ఉన్నది ఆ చేతులే. వాటిని నేను అడ్డమన్నాను, నువ్వు నీటుగా తుడిచావు, అది చాలక నేను ఆయన్నే పిలిచి చూపించి మురిశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీదే.

సన్మానం తనొక్కడికే దక్కాలని మీ బావే అట్లా చేయించాడని ఎల్లస్వామి అన్న అనుకుంటున్నాడట. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో ఈయనతో చెప్పారు. పోయి అసలు సంగతి చెప్పమంటే ఈయన వినడు. "నీ మీద, తమ్ముని మీద ఏసి నేను తప్పుకుంటనా?" అంటాడు. ఎల్లస్వామి లేని సన్మానానికి మాత్రం పోడట.

నీ పని నచ్చలేదని అనుకోకు. నేను బావి దగ్గరికి పోయినప్పుడల్లా ఆ పోస్టర్‌ను ఇటు తిప్పి చూసుకుంటాడు, నా చెంబు చప్పుడు వినగానే మళ్ళీ గోడ వైపు తిప్పుతాడు. నేను కావాలనే చెంబు చప్పుడు చేస్తూ వస్తున్నాను.

ఆ చేతులు మళ్ళీ వస్తాయా? వచ్చే దారి ఉంటే రాయి.

నీ అక్క
లిదియా

సుబేదారి,
19-1-1979

అక్కకు, బావకు జయరాజు వందనాలు.

చేతులు వచ్చాయి.

ఆ ఎర్ర రంగు నీళ్ళతో పోయేదే. నెగెటివ్‌లు అద్దం బల్ల మీద పెట్టి, తడి దూదితో మెల్లగా తుడిచాను. రంగు కరిగి పోతుంటే దాని కింది నుంచి వేళ్ళు బయటికి వచ్చాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూశాను. చిటికెన వేలు కొంచెం పక్కకు తిరిగి ఉంది, అన్నిట్లో అంతే. బంతిని వదిలేసిన తర్వాత కూడా ఆ చేతులు కిందికి దించలేదు, బంతి బావకు అందేదాకా దానితోనే ఉన్నట్టు పైకే ఉన్నాయి. వీటిని నేను బోడితలల లెక్కన మూసేశాను. ఎల్లస్వామి అన్న ఎంత మంచి లిఫ్టరో ఆటే తెలియని నాకు ఆ వేళ్ళు చూస్తేనే తెలిసింది.

కానీ చేతులు వెనక్కి పెడితే సరిపోదనిపించింది. అందుకే నెక్కొండ పోదామని బావకు కార్డు రాశాను. మంగళవారం ఏం జరిగిందో బావ నీకు చెప్పి ఉండడు, ఆయన సంగతి తెలుసు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను దిగేసరికి బావ స్టేషన్ ముందు హోటల్లో చాయ్ తాగుతున్నాడు. ముందు బండికే వచ్చి, ఎల్లస్వామి అన్న ఇంటికి పోలేక అక్కడే కూర్చున్నాడు. సంచిలో బంతి ఉంది. ఇద్దరం పోయాం. ఎల్లస్వామి అన్న నాకు మంచం వేశాడు, బావను కూర్చోమనలేదు. తప్పు నాదీ, మా అక్కదీ అన్నా, బావకు దుప్పటి తీసేదాకా పోస్టర్ సంగతే తెలియదు అని చెప్పాను.  మీ ఫోటో ఒకటి తీసుకుంటా, చేతులు కనబడేట్టు అన్నాను. అప్పుడు మాట్లాడాడు.

"ఇన్నేండ్ల సంది చేతులే వస్తానయ్ తమ్మీ. ఒక్కపారన్న మొఖం రానియ్యి."

లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, పౌడర్ రాసుకుని వచ్చాడు. మొగిలమ్మ వదిన చేతి గడియారం కూడా తెచ్చి పెట్టింది. స్టేషన్ వెనక ఖాళీ జాగాలో నిలబెట్టాను. చేతులు వెనక్కి కట్టుకుని బిగుసుకుపోయాడు. బంతి లేపినట్టు పైకి చూడన్నా అంటే చూశాడు గానీ, ఆకాశంలో కొంగల్ని చూస్తున్నట్టుంది. బంతి చేతికిచ్చినా అంతే. ఊరికే పైకేసి పట్టుకుంటున్నాడు. కొట్టేవాడు లేకుండా ఎవరికి లేపాలి అన్నాడు, నాతోనే, బావ వైపు చూడకుండా.

బావ చెప్పులు విడిచాడు.

నేను వద్దనేలోపే వెనక్కి నడిచి, అక్కడి నుంచి ఉరికి వచ్చాడు. ఎల్లస్వామి అన్న అప్పుడు చూశాడు పైకి. ఆ మొహం నేను పెళ్ళి పందిళ్ళలో ఎన్నడూ చూడలేదు. బంతి లేచింది, బావ కొట్టాడు, అది పోయి సీతాఫలం పొదల్లో పడింది. నేను కెమెరా నొక్కింది ఒక్కసారే.

బావ మోకాలు గురించి నువ్వు భయపడతావని తెలుసు. భయపడకు, విను. దిగగానే బావ, "గంత కిందికి ఇచ్చినవేంది?" అని అడిగాడు, అదే ఆయన మొదటి మాట. ఎల్లస్వామి అన్న, "నీ మోకాలు నాకెరుక లేదా?" అన్నాడు. బావ ఎక్కువ ఎగరనక్కర లేకుండా బంతిని సగం ఎత్తుకే లేపాడు అక్కా. బంతి లేపేటప్పటికి ఇంకా ఆయన బావతో మాట్లాడటం లేదు.

తర్వాత ఇద్దరూ పొదల్లో బంతి వెతుకుతూ పోయి ఎంతకీ రాలేదు. వదిన జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. ఆ రొట్టె నువ్వు తిన్నదానిలా లేదు.

కొత్త పోస్టర్ ఇరవై నాలుగుకు పంపుతాను. ఎల్లస్వామి అన్న ఫోటో ఎడమ పక్క కింద పెద్దగా పెడుతున్నాను, ఆ వంపు అంతా అక్కడి నుంచే లేస్తుంది. ఆ ఫోటోలో ఒక లోపం ఉంది. పై అంచున బావ చెయ్యి అడ్డం వచ్చింది, మణికట్టు దాకా. కుంచె తీసి చేతిలో పట్టుకున్నాను, మళ్ళీ పెట్టేశాను.

మీ
జయరాజు

డోర్నకల్,
28-1-1979

బంగారు తమ్ముడికి అక్క దీవెనలు.

మోకాలు వాచింది. నొప్పి లేదని అబద్ధం చెప్తూ కుంటుతున్నాడు. ఆవనూనె రాసి కాపడం పెడుతున్నాను, తిట్లు కూడా పెడుతున్నాను. నీ వంతు తిట్లు నువ్వొచ్చినప్పుడు.

ఇరవై ఆరున జెండా ఎగరేశాక అందరూ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. నేనూ, మొగిలమ్మ వదినా కూడా పోయాం. ఆడవాళ్ళం మేమిద్దరమే. గ్రౌండు అంచున నిలబడి, ఇంతేనా ఈ జాగా, దీనికోసమేనా ఇన్ని బనియన్లు అని వదిన అంటే ఇద్దరికీ నవ్వాగలేదు. తర్వాత ఆ నెట్టు ఎత్తు చూసి నవ్వు ఆగిపోయింది. నా తల మీద ఇంకో మనిషి చెయ్యి చాపినంత ఎత్తు ఉంది. దాని పైకి పోయేవాడు మా ఆయన. మనసు నిండిపోయింది జయరాజూ, ఇంతకంటే రాయడం నాకు రాదు.

శాలువా కప్పబోతే మీ బావ ఆపాడు. ఎల్లస్వామి అన్నను పక్కకు లాక్కుని ఇద్దరి భుజాల మీదుగా కప్పించుకున్నాడు. శాలువా చాలలేదు, ఇద్దరూ దగ్గరికి జరగాల్సి వచ్చింది. ఉపన్యాసాలు పొడుగ్గా ఉన్నాయి, అవి రాయను.

పోస్టర్ ముందు జనం విడవలేదు. ఎల్లస్వామి అన్న పౌడర్ మొహం చూసి షెడ్డు వాళ్ళు ఎగతాళి చేశారు గానీ, ఆ పైకి చూసే కళ్ళు చూశాక ఎగతాళి మానేశారు. ఆయన మాత్రం తన బొమ్మ పక్కనుంచి కదల్లేదు. వచ్చిన ప్రతివాడికీ, గా పైన ఫోటోల్లో చేతులన్నీ నావే, గిక్కడ మొఖం కూడ నాదే అని చెప్తున్నాడు. మొగిలమ్మ వదిన అదే మాట నాకు రెండుసార్లు చెప్పింది.

మీ బావ కనబడకపోతే వెతికాను. ఆయనా అక్కడే ఉన్నాడు. కొత్తగా షెడ్డులో చేరిన కుర్రవాళ్ళు చుట్టూ మూగారు. పోస్టర్ నిండా ఆయన బొమ్మలే కదా, ఆ నెట్టు పైన కొడుతున్నది చూపిస్తాడనుకున్నాను. వాటి వైపు చూడనే లేదు. వంగలేని మోకాలితో వంగి, కింద ఎల్లస్వామి అన్న ఫోటో పై అంచున ఆ నాలుగు వేళ్ళ మీద వేలు పెట్టాడు.

"గీ చెయ్యి నాదే" అన్నాడు.

నీ అక్క
లిదియా